నిజామియా వేధశాల – వేణు బప్పు: విద్యార్థి శిక్షణకు తెరుచుకున్న ద్వారం

అమీర్‌పేట అనగానే నేటి విద్యార్థికి మైత్రివనం చుట్టూ ఉన్న కంప్యూటర్ కోచింగ్ కేంద్రాలు స్ఫురిస్తాయి. అక్కడికి, పంజాగుట్టకు చేరువలో, బేగంపేట వైపున ఉన్న ఆర్థిక సామాజిక అధ్యయనాల కేంద్రం ఆవరణలో నిజామియా వేధశాల పాత కట్టడాలున్న సంగతి చాలామందికి తెలియదు. కోచింగ్ కేంద్రాలు వెలియడానికి ఎన్నో దశాబ్దాల ముందే, ఆ వేధశాల నీడలో ఒక విద్యార్థి ఖగోళశాస్త్రాన్ని పనిగా నేర్చుకున్నారు. ఆపై ప్రభుత్వ ధనంతో విదేశాలకు వెళ్లారు. ఆయన మనాలి కల్లట్ వేణు బప్పు (1927–1982). బప్పు జీవితాన్ని సహజ ప్రతిభకు నిదర్శనంగా చెప్పడం పరిపాటి. ఆ ప్రతిభ పరికరం దాకా ఎలా చేరిందన్న ప్రశ్న మాత్రం అంతగా చర్చకు రాలేదు.

వేధశాల పుట్టుకకు మూలం ఒక వ్యక్తి అభిరుచి. నవాబు జాఫర్ జంగ్ ఇంగ్లండు నుండి దూరదర్శినిని తెప్పించి 1901లో ఫిసల్‌బండలో దీనిని స్థాపించారు. 1907లో ఆయన మరణించాక నిజాం ప్రభుత్వం దీనిని స్వీకరించి బేగంపేటకు తరలించింది. అప్పటికే, 1887లో పారిస్‌లో మొదలైన అంతర్జాతీయ నక్షత్ర పట్టిక పథకంలో ఆకాశాన్ని మండలాలుగా విభజించి పలు దేశాల వేధశాలలకు పంచారు. చిలీలోని శాంటియాగో పూర్తి చేయలేకపోయిన దక్షిణ 17 నుండి 23 డిగ్రీల మండలం హైదరాబాదుకు వచ్చింది. చాట్‌వుడ్, పోకాక్, వారి తరువాత టి.పి. భాస్కరన్ ఈ పనిని నడిపించారు. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిధిలోకి వచ్చింది.

ఆ పని స్వభావాన్ని గమనించాలి. రాత్రి గాజు ఫలకాల మీద నక్షత్రాలను చిత్రించాలి, పగలు వాటి స్థానాలను ఒక్కొక్కటిగా కొలిచి లెక్కకట్టాలి. ఏళ్ల తరబడి సాగే ఈ శ్రమకు ఓపిక, చేతి నేర్పు, రాజ్యం నుండి ఆగకుండా అందే జీతాలు అవసరం. వాటికన్ వేధశాలలో ఇదే కొలత పని చేసిన నలుగురు సన్యాసినుల పేర్లు ఇటీవల వెలుగులోకి వచ్చాయి. హైదరాబాదు సహాయకులకు ఆపాటి గుర్తింపు కూడా దక్కలేదు.

బప్పు తండ్రి ఈ వేధశాల ఉద్యోగి. ఉత్తర కేరళకు చెందిన ఆ కుటుంబం ఉద్యోగరీత్యా హైదరాబాదులో స్థిరపడింది. తండ్రి కొలువు వల్ల కుమారునికి దూరదర్శినులు, పరిశీలకులు, లెక్కల పుస్తకాలు బాల్యం నుండే పరిచితం. నిజాం కళాశాలలో చదువుతూనే కాంతి మారే నక్షత్రాలను పరిశీలించి, పట్టా చేతికి రాకముందే వ్యాసాలు ప్రచురించారు. నేటి పరిభాషలో ఇది ‘ఇంటర్న్‌షిప్’. అయితే దానికి ప్రకటన లేదు, దరఖాస్తు లేదు, ఎంపిక సంఘం లేదు. ఉన్నదల్లా తండ్రి ఉద్యోగమే. అదే వయసులో, అదే ఆసక్తితో పాతబస్తీలోనో వరంగల్లులోనో ఉన్న మరొక విద్యార్థికి ఆ గడప దాటే మార్గం కనిపించదు. బప్పు ప్రతిభను తగ్గించడానికి ఈ మాట అనడం లేదు; చరిత్ర రచనలో ప్రతిభ ఒక్కదాన్నే కారణంగా చూపడం చాలదని గుర్తించడానికే.

రెండవ అంచెలో రాజ్యం నేరుగా ప్రవేశించింది. హైదరాబాదు ప్రభుత్వ ఉపకారవేతనంతో బప్పు 1949లో హార్వర్డ్ చేరారు. ఆ ఏడాది జూలైలో ఆయన తీసిన ఛాయాచిత్ర ఫలకంపై కొత్త తోకచుక్క కనిపించింది. దానికి బప్పు–బాక్–న్యూకిర్క్ అనే పేరు స్థిరపడింది. పోలీసు చర్య జరిగి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. సంస్థానం రాజకీయంగా అంతరిస్తున్న దశలో కూడా దాని విద్యా ధనం ఫలితమిచ్చిందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అరుదు. బప్పు 1952లో డాక్టరేటు పొంది, స్వదేశానికి వచ్చి నైనితాల్, కొడైకెనాల్, కావలూరు వేధశాలలను నిర్మించడంలోనో పునర్నిర్మించడంలోనో జీవితం గడిపారు.

నగరం పెరిగి, దీపాల వెలుగు ఆకాశాన్ని కమ్మేయడంతో ఉస్మానియా ఖగోళ విభాగం ఊరి వెలుపలికి చూడవలసి వచ్చింది. 1968లో జాపాల్–రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శిని నెలకొంది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుండి పరిశీలించారు. పరికరం ఇప్పుడు విశ్వవిద్యాలయ విభాగానిది గనుక, విద్యార్థి అక్కడికి ప్రవేశం పొంది వెళ్లగలడు, బంధుత్వం అక్కరలేదు. బేగంపేట నుండి రంగాపూర్‌కు జరిగిన ఈ తరలింపులో దూరం కంటే ఈ మార్పే ముఖ్యం.

2008లో కేంద్ర విజ్ఞాన సాంకేతిక శాఖ ప్రారంభించిన ‘ఇన్‌స్పైర్’ పథకం ఈ సమస్యను మరోవైపు నుండి అందుకుంది. దాని ఉన్నత విద్యా ఉపకారవేతనం ఏడాదికి రూ.80,000. ఇందులో 60,000 విద్యార్థికి, 20,000 వేసవి పరిశోధన పనికి కేటాయించారు. ఇంటర్మీడియట్ స్థాయి పరీక్షల్లో తమ బోర్డులో మొదటి ఒక్క శాతంలో నిలిచినవారికి ప్రధానంగా అర్హత. బప్పు విషయంలో పని ముందు, ధనం తరువాత. ఇక్కడ మార్కులు ముందు, ధనం తరువాత, పని చివర. ఆ వేసవి పనికి మార్గదర్శిని మాత్రం విద్యార్థే వెతుక్కోవాలి. ఏ ప్రయోగశాలలో ఎవరున్నారో తెలిసిన అధ్యాపకుడు జిల్లా కళాశాలలో ఉంటే ఆ ఉత్తరానికి జవాబు వచ్చే అవకాశం ఎక్కువ, లేకుంటే తక్కువ.