ధనుర్వాత విషము – ఢిల్లీ ప్రయోగము

విషమును యుక్తితో వినియోగించిన ఔషధమగునను భావము ఆయుర్వేదమునకు క్రొత్తది కాదు. అయితే సూక్ష్మజీవుల విషమును లొంగదీసి, దానిచేతనే దేహమునకు రక్షణ నేర్పించుట ఆధునిక విజ్ఞానము సాధించిన కార్యము. 1890లో బెర్లినులో బేరింగు, కితసాటో అను శాస్త్రవేత్తలు ధనుర్వాత విషమునకు విరుగుడు రక్తమునందే పుట్టునని నిరూపించిరి. 1920 దశకమున ఫ్రాన్సులో గాస్టన్ రామోన్, ఫార్మలిన్, వేడిమి సాయముతో ఇట్టి విషముల మారకశక్తిని హరించి, దేహము వానిని గుర్తుపట్టుటకు వలసిన లక్షణమును మాత్రము నిలిపెను. కోరలు తీసిన పామువంటి ఆ పదార్థమే టాక్సాయిడ్.

శుభ్రములేని కత్తితో బొడ్డుకోసిన పసికందులను ధనుర్వాతము కబళించుచుండెడిది. గర్భిణికి టాక్సాయిడ్ సూది వేసినచో, ఆమె రక్తమున పుట్టిన ప్రతిరక్షకములు గర్భస్థశిశువునకును చేరును. ఈ టీకా వలనను, శుభ్రమైన కాన్పుల వలనను భారతదేశమున నవజాతశిశు ధనుర్వాతము ప్రజారోగ్య సమస్యగా తొలగినదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచెను.

శిశువును కాపాడిన ఈ పదార్థమునకే ఢిల్లీలో గర్భనిరోధమను మరియొక పని లభించెను. గర్భము నిలుచుటకు తోడ్పడు హెచ్.సి.జి. అను హార్మోనును తల్లిదేహము పరాయిదిగా ఎంచదు. 1970 దశకమున అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో గుర్‌సరన్ ప్రసాద్ తల్వార్ బృందము ఆ హార్మోను భాగమును ధనుర్వాత టాక్సాయిడ్‌తో జతపరచెను. టాక్సాయిడ్‌ను ఎదుర్కొనబోయిన దేహము, దానివెంట వచ్చిన హార్మోనుకు కూడ ప్రతిరక్షకములను పుట్టించెను. ఈ ఫలితములు 1976లో ప్రకటితమైనవి. 1981లో ఢిల్లీయందు ఏర్పడిన జాతీయ రోగనిరోధక శాస్త్ర సంస్థలో తల్వార్ ఈ కృషిని కొనసాగించెను. 1994 నివేదిక ప్రకారము టీకా పొందిన 148 మంది స్త్రీలలో 119 మందికి రక్షణకు చాలినన్ని ప్రతిరక్షకములు కలిగినవి. అట్టి రక్షణగల 1224 ఋతుచక్రములలో గర్భము ఒక్కటే నిలిచెను. ప్రతిరక్షకములు తగ్గినపుడు సంతానశక్తి మరల వచ్చెను.

అయినను ప్రశ్న ముగియలేదు. 29 మందికి రక్షణ చాలలేదు. మాత్ర మానినంత సులువుగా టీకా ఫలితమును మాన్పుకొనుట స్త్రీకి సాధ్యము కాదు. 1993లో వివిధ దేశముల మహిళా ఆరోగ్య సంఘములు ఇట్టి పరిశోధనలను ఆపవలెనని కోరినవి. తల్వార్ తొలి ఫలితములు వెలువడిన 1976లోనే, అత్యవసర పరిస్థితి నీడలో, ఢిల్లీ బలవంతపు కుటుంబనియంత్రణ శస్త్రచికిత్సలను చూచినది. కావున ఆ సంఘముల భయము నిరాధారమనుటకు వీలులేదు.

తరువాత ఆ బృందము ధనుర్వాత టాక్సాయిడ్‌కు మారుగా ఇ.కోలి విషములోని హానిలేని భాగమును వాడెను. టీకా మాత్రము నేటికిని సామాన్య వినియోగమునకు రాలేదు. విషములోని మారకశక్తిని తీసివేయుట ప్రయోగశాలకు సాధ్యమే. ఆ సూది ఎవరి సమ్మతితో వేయవలెనను ప్రశ్నకు సమాధానము చెప్పవలసినది సమాజము.