ఉత్తుత్తి మాత్ర మింగినవారు

మనోవ్యాధుల చికిత్సాచరిత్ర అనగానే వైద్యుల పేర్లే వరుసగా గుర్తుకు వస్తాయి. వారు ఎవరి సాయంతో ఆ సంగతులు కనుగొన్నారో ఆ మనుషుల పేర్లు ఎక్కడా కనబడవు. కనబడకూడదు కూడా, అది వారికిచ్చిన మాట. అయినా ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) గురించి ఈనాడు మనకు తెలిసినదంతా ఆ అనామకులు పెట్టిన భిక్షేనని నా అభిప్రాయం.

మన ఇళ్ళలో ఈ జబ్బుకు వేరే పేరు లేదు. చాదస్తమంటాం, అతిశుభ్రమంటాం, మడి ముదిరిందంటాం. 2017లో వచ్చిన 'మహానుభావుడు' సినిమా పుణ్యమా అని ఓసీడీ అన్న మూడక్షరాలు ఊరూరా తెలిశాయి గాని, నవ్వుకోవడానికే ఎక్కువగా తెలిశాయి. చర్మం పగిలి నెత్తురు వచ్చేదాకా చేతులు కడుక్కునేవారు, తలుపు గడియ వేశామో లేదోనని పదే పదే వెనక్కి వచ్చి చూసుకునేవారు, కన్నబిడ్డకు తన చేతులతోనే హాని జరుగుతుందేమోనన్న తలపు వదలక కత్తిపీటను కంటబడకుండా దాచుకునే తల్లి - వీరిలో చాలామందికి తాము చేస్తున్నది అర్థరహితమని తెలియక కాదు. తెలుసు గనుకనే సిగ్గుపడతారు, ఏళ్ళ తరబడి దాచుకుంటారు. 19వ శతాబ్దపు ఫ్రెంచి వైద్యులు దీనిని 'సందేహోన్మాదం' అన్నారు. ఇంతకంటె సరైన పేరు ఆ తరువాత ఎవరూ పెట్టలేదు.

1960ల దాకా ఇది మొండి వ్యాధి. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త ఇద్దరంటే ఇద్దరు రోగుల మీద ఒక కొత్త పద్ధతిని ప్రయత్నించి ఫలితాలు ప్రకటించాడు. భయపడే వస్తువునే ముట్టుకోమనడం, ముట్టుకున్నాక కడుక్కోనివ్వకపోవడం - స్థూలంగా ఇదీ పద్ధతి. నర్సులు కనిపెట్టుకుని కూర్చున్నారు, కుళాయిలకు నీళ్ళు రాకుండా కట్టివేశారు. వినడానికి క్రూరంగానే ఉంటుంది. కాని ఈనాటికీ ఓసీడీకి ఉన్న ముఖ్యమైన మానసిక చికిత్స దాని సంతానమే. మరోవైపు, దాదాపు అదే కాలంలో స్పెయిన్ దేశపు వైద్యులు, అప్పటికి కుంగుబాటుకు వాడుతున్న క్లోమిప్రమిన్ అనే మందు ఈ జబ్బుకూ పనిచేస్తోందని గమనించారు. గమనించడం వేరు, రుజువు కావడం వేరు. రుజువు కావాలంటే కొందరికి అసలు మందూ, కొందరికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్రా ఇచ్చి, ఎవరికి ఏది అందిందో రోగికీ వైద్యుడికీ తెలియకుండా చూడాలి. స్వీడన్‌లో 1980లో ప్రచురితమైన అటువంటి పరీక్షలో పాల్గొన్నవారు 24 మంది.

అమెరికా కథ కొంత భిన్నమైనది. ఐరోపాలోనూ కెనడాలోనూ దొరికే ఆ మందుకు అక్కడ 1989 చివరిదాకా అనుమతి లేదు. కనుక చాలామందికి పరిశోధనలో చేరడమే మందు చేతికందే దారి. దీనిని పూర్తి స్వచ్ఛందమనవచ్చునా అన్న ప్రశ్న న్యాయమైనదే. బెథెస్డాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జూడిత్ రాపపోర్ట్ బృందం పిల్లల మీద ఈ పరీక్షలు సాగించింది. 1987లో టెలివిజన్‌లో ఈ జబ్బు గురించి కార్యక్రమం ప్రసారమైనప్పుడు దేశం నలుమూలల నుంచి వేలాదిగా ఫోన్లు వచ్చాయట. లోకంలో తమ ఒక్కరికే ఈ పిచ్చి ఉందనుకుంటున్నవారు అంతమంది! అంతవరకూ 10,000 మందిలో ఏ ఐదుగురికో వచ్చే జబ్బుగా పుస్తకాలలో రాసుకున్నారు. 1980లలో ఇంటింటికీ తిరిగి జరిపిన సర్వేలో, జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు దీనికి లోనయ్యేవారు 2 నుంచి 3 శాతమని తేలింది.

నా మనసులో నిలిచిపోయిన పరిశోధన 1988 నాటిది. క్లోమిప్రమిన్ నెలల తరబడి వాడి కోలుకున్న 18 మంది, మందు ఆపితే ఏమవుతుందో తెలుసుకునే పరీక్షకు ఒప్పుకున్నారు. మందు స్థానంలో ఉత్తుత్తి మాత్ర వచ్చింది. ఏడు వారాలు తిరిగేసరికి 16 మందికి జబ్బు తిరగబెట్టింది. 11 మందిలో కుంగుబాటు కూడా పెరిగింది. ఈ అంకెల వెనుక ఉన్నదేమిటో ఒక్క క్షణం ఆలోచించండి. జబ్బుతో సతమతమయ్యేవాడు ఏదో ఆశతో పరీక్షకు ఒప్పుకోవడం అర్థమవుతుంది. గట్టెక్కినవాడు మళ్ళీ సుడిగుండంలోకి జారే అవకాశం ఉందని తెలిసీ ఒప్పుకోవడం అలాంటిది కాదు. అందులో అతనికి దక్కేదేమీ లేదు. మందు హఠాత్తుగా ఆపరాదని ఈనాడు వైద్యుడు ప్రతి రోగికీ చెప్పగలుగుతున్నాడంటే ఆ ఏడు వారాల వంటివే కారణం. 1991లో పిల్లల మీద జరిపిన ఇటువంటి పరీక్షలోనూ, మందు మార్చిన 9 మందిలో 8 మందికి జబ్బు తిరగబెట్టింది. మార్చని 11 మందిలో ఇద్దరికే.

ఈలోగా కొలబద్ద కూడా తయారయింది. 1989లో వేన్ గుడ్‌మన్, ఆయన సహచరులు 10 ప్రశ్నల పట్టిక ఒకటి ప్రకటించారు. ఒక్కొక్క ప్రశ్నకు 0 నుంచి 4, మొత్తం 40. రోజులో ఎన్ని గంటలు ఈ తలపులు మింగేస్తున్నాయి, ఎంతవరకు ఎదిరించగలుగుతున్నావు - ఇలాంటివి. సిగ్గుతో దాచుకున్నది అంకెగా మారింది. దానితో కొలిచిన పెద్ద పరీక్ష 1991లో వెలువడింది: 21 కేంద్రాలు, 520 మంది, 10 వారాలు. మందు పుచ్చుకున్నవారి అంకెలు ఒక పరీక్షలో 38 శాతం, రెండోదానిలో 44 శాతం తగ్గాయి. ఉత్తుత్తి మాత్ర మింగినవారికి తగ్గింది 3, 5 శాతాలే. కుంగుబాటు వంటి జబ్బులలో ఉత్తుత్తి మాత్రకు కూడా చాలామంది కొంత తేరుకుంటారు. ఓసీడీ అంత సులువుగా మోసపోలేదు. పైగా క్లోమిప్రమిన్ నోరెండబెడుతుంది, చేతులు వణికిస్తుంది. నోరెండనివాడు తనకు ఉత్తుత్తిదే అందిందని లోలోపల ఊహించుకునే ఉంటాడు. అయినా 10 వారాలూ వస్తూనే ఉండటం చిన్న విషయం కాదు.

సమ్మతి సంగతి చెప్పకుండా ఈ చరిత్ర పూర్తి కాదు. 1947 నాటి న్యూరెంబర్గ్ నియమావళి, 1964 నాటి హెల్సింకీ ప్రకటన సమ్మతిని పరిశోధనకు పునాదిగా నిలబెట్టాయి. 2024లో హెల్సింకీ ప్రకటనను సవరించినప్పుడు 'ప్రయోగానికి లోనయ్యేవారు' అన్న అర్థమిచ్చే పాత మాటను తీసి 'పాల్గొనేవారు' అని మార్చారు. సందేహోన్మాదం ఉన్న మనిషికి సమ్మతి పత్రం మామూలు కాగితం కాదు. అందులోని ప్రతి 'బహుశా' అతనికి ఒక రాత్రి నిద్ర. సరిగా చదివానా, అబద్ధం చెప్పానా, నా వల్ల పరిశోధన చెడిపోతుందా అన్న ప్రశ్నలే జబ్బు లక్షణాలు. అటువంటివాడు చేసిన సంతకానికి మామూలు సంతకం కంటె బరువెక్కువ.

సంతకం విలువ మన నేల మీద ఎలా దిగజారగలదో కూడా చూశాం. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార కేన్సర్ టీకా వేసినప్పుడు, హాస్టళ్ళలో చాలాచోట్ల తల్లిదండ్రులకు బదులు వార్డెన్లే సంతకాలు పెట్టారని విచారణలో బయటపడింది. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపివేశారు. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. 2009 జూన్ 15 నుంచి దేశంలో మందుల పరీక్షలన్నీ ముందుగా నమోదు కావాలన్న నియమం ఉంది. 2019 నాటి నిబంధనలు పరీక్ష వల్ల హాని కలిగితే ఉచిత వైద్యాన్నీ పరిహారాన్నీ విధించాయి.

ఓసీడీకి మన దేశంలో పెద్ద పరిశోధనాకేంద్రం బెంగళూరులోని నిమ్హాన్స్. జాతీయ సర్వే లెక్కన (2015-16) మన పెద్దలలో దాదాపు 0.8 శాతం మందికి ఈ జబ్బు ఉంది. బ్రెజిల్, నెదర్లాండ్స్, దక్షిణాఫ్రికా, అమెరికాలతో కలిసి నిమ్హాన్స్ పాల్గొన్న ఒక మెదడు పరిశోధనలో మందులు వాడని రోగులతోపాటు జబ్బు లేని వారి తోబుట్టువులనూ, ఆరోగ్యవంతులనూ చేర్చుకున్నారు. ఏ జబ్బూ లేనివాడు కూడా స్కానింగు యంత్రంలో కదలకుండా పడుకుంటేనే జబ్బున్నవాడి మెదడులో తేడా ఏమిటో తెలిసేది.

2025లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో 53,660 మంది రోగుల జన్యువులను పోల్చిచూసిన ఫలితాలు వచ్చాయి. ఓసీడీతో ముడిపడిన 30 స్థానాలు క్రోమోజోములలో గుర్తించారు. మేయర్ ఇద్దరు రోగుల నుంచి ఇంతదూరం రావడానికి 59 ఏళ్ళు పట్టింది. అయితే ఆ రోగులందరూ ఐరోపా సంతతివారే. మనవారి జన్యువుల సంగతి తేల్చడానికి, ఒకే ఇంట ఒకరికి మించి మనోవ్యాధి ఉన్న కుటుంబాలను నిమ్హాన్స్‌లో విడిగా చేర్చుకుంటూ వస్తున్నారు. ఓసీడీ ఉన్న ఇళ్ళూ అందులో ఉన్నాయి. సంబంధాలు తప్పిపోతాయని అక్కకున్న జబ్బు చెల్లెలి పెళ్ళయ్యేదాకా దాచే మన ఊళ్ళలో, ఇంటిల్లిపాదీ కలిసి వెళ్ళి రక్తం ఇచ్చి, ఎవరికేముందో చెప్పి రావడమన్నమాట.