డన్‌రాబిన్ కోట, దాని ఉద్యానవనము

స్కాట్లండు ఉత్తర భాగమున, సముద్రతీరమున, సదర్లండు వంశీయుల డన్‌రాబిన్ కోట కలదు. 1401 నాటి పత్రములయందే దీని పేరు కానవచ్చుచున్నది. కాని నేడు మనము చూచు 189 గదుల భవనము, సూదిమొనల గోపురములు అంత ప్రాచీనములు కావు. లండను పార్లమెంటు భవనమును రూపొందించిన చార్లెస్ బారీయే 1845 మొదలు ఈ కోటను ఫ్రెంచి రాజప్రాసాదమువలె తీర్చిదిద్దెను. 1915లో అగ్నిప్రమాదమున కొంత భాగము దగ్ధము కాగా, రాబర్ట్ లారిమర్ దానిని పునరుద్ధరించెను.

కోటకంటె మనసును హరించునది దాని తోట. ఎత్తైన గట్టు మీది కోటనుండి మెట్లు దిగినచో, నీరు చిమ్ము జలయంత్రముల చుట్టును అందముగ తీర్చిన పూలమడులు, అంచులకు కత్తిరించిన పొదలు, వాని కావల సముద్రము! 1850లో పూర్తియైన ఈ తోటకు ఫ్రాన్సులోని వెర్సేలు ఉద్యానములే ఒరవడి. 58 డిగ్రీల ఉత్తర అక్షాంశమునకు చేరువలో ఇట్టి పూలతోట వర్ధిల్లుట సామాన్యము కాదు.

అయితే ఈ వంశచరిత్రను తోటగోడతో ముగించుట న్యాయము కాదు. జమీనుకు వారసురాలైన ఎలిజబెత్ ప్రభ్వి 1785లో బ్రిటనులోని మహాధనికులలో నొకనిని వివాహమాడెను. ఆ దంపతుల కాలమున, 19వ శతాబ్ది తొలి రెండు దశకములలో, లోపలి లోయలలో తరతరములుగ సేద్యము చేయుచున్న గేలిక్ భాషీయులను వేలకొలదిగ వెడలగొట్టి, ఆ భూములను గొర్రెల మందలకై కౌలునకిచ్చిరి. 1814లో స్ట్రాత్నేవరు లోయను ఖాళీ చేయించిన పాట్రిక్ సెల్లరు జమీను ఉద్యోగి. ఆ భూమికి కౌలుదారును అతడే! ఇండ్ల దూలములకు నిప్పంటించిరి. కలప దొరకని ఆ సీమలో దూలము కాలినచో మరల ఇల్లు లేచుట కల్ల. మండుచున్న ఇంటినుండి మోసికొని వచ్చిన వృద్ధురాలొకతె కొలది దినములకే మరణించినది. 1816లో ఇన్వర్నెస్ న్యాయస్థానము సెల్లరును నిర్దోషిగ విడిచిపుచ్చెను.

ఆ ప్రభువు తన ఇంగ్లండు ఆదాయమును తెచ్చి బాటలు, వంతెనలు, హెల్మ్స్‌డేల్ రేవు నిర్మించినమాట నిజమే. దానిని వారు అభివృద్ధి యనిరి. నాగలి తప్ప వల పట్టి యెరుగని రైతుకు తీరమున చిన్న చెక్క భూమి నిచ్చి, చేపలు పట్టి బ్రతుకుమనుట ఎట్టి అభివృద్ధియో! కొందరు కెనడాకు ఓడనెక్కిరి. 1833లో డ్యూకు బిరుదు పొంది, ఆ యేడే మరణించిన ఆ ప్రభువునకు కోట సమీపమున బెన్ వ్రాగీ కొండపై 1837లో మహావిగ్రహమును నిలిపిరి. కృతజ్ఞులైన కౌలుదార్లు నిలిపినదని దాని ఫలకము చెప్పుచున్నది.

1965 నుండి 1972 వరకు కోట బాలుర పాఠశాలగ నుండి, పిమ్మట సందర్శకులకు తలుపులు తెరచినది. స్ట్రాత్నేవరులో ఖాళీయైన రోసల్ గ్రామమును 1962లో పురావస్తు పరిశోధకులు త్రవ్వి చూచిరి. గడ్డి క్రింద ఇండ్ల పునాదిరాళ్ళు, పశువుల కొట్టములు, ధాన్యము నార్చుకొను ఆవములు బయటపడినవి.