రెండు ఔన్సుల మన్ను

నీళ్లుంటే చాలు, పైరు దానంతటదే వస్తుందంటాం. వెనక బ్రస్సెల్స్ పట్నపు వైద్యుడు వాన్ హెల్మాంట్ కూడా అంతే అనుకున్నాడు. తొట్టిలో 200 పౌన్ల ఎండుమట్టి తూచిపోసి, 5 పౌన్ల విల్లో మొక్క నాటి, 5 ఏళ్లు నీళ్లే పోశాడు. చెట్టు 169 పౌన్లు తూగింది. మట్టి తరిగింది సుమారు 2 ఔన్సులే! చెట్టంతా నీళ్లేనని తేల్చాడు. ఆయన పోయాక, 1648లో ఈ సంగతి అచ్చయింది.

1804లో జెనీవా వాడైన సోస్యూర్ లెక్క సరిదిద్దాడు. ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి నీటితో కలుపుకుంటుంది. బరువంతా దాదాపు అదే. వేరు మట్టిలోని లవణాలు తీసుకుంటుంది. అవి కొద్దే, కాని అవి లేనిదే మొక్క ఎదగదు. నత్రజని, భాస్వరం, పొటాషు ఆ కొద్దిలోవే. ఏటా ధాన్యంతో, గడ్డితో మన చేలోంచి బండెక్కి పోయేవీ అవే.

మరి మీ చేలో అవి ఎంత మిగిలాయి? వేసవిలో మట్టి పరీక్ష చేయించి చూసుకోండి.