ముంజేతి ఎక్స్‌రే: ఎముకల్లో నీళ్ల చరిత్ర

పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగిండు, "మా తండాలో పెద్దమనుషుల మెడ, నడుము కట్టెలెక్క బిగుసుకపోతున్నయి, ఇది వయసు నొప్పేనా?" అని. రెండు ముక్కల్లో చెప్పేది కాదు, అందుకే ఈ పోస్టు.

1895 నవంబర్ 8న జర్మనీలోని వూర్జ్‌బర్గ్‌లో రాంట్‌జెన్ అనే ప్రొఫెసర్‌కు కంటికి కనపడని కిరణాలు దొరికినయి. డిసెంబర్‌లో భార్య చేతిని ఫోటో ప్లేటు మీద పెట్టించి తీస్తే వేళ్ల ఎముకలు, ఉంగరం కనిపించినయి. మనిషిని కోయకుండా ఎముకను చూసుడు అట్ల మొదలైంది. కానీ ఎముక విరిగిందా లేదా చూసుడు వేరు, ఒంట్లోకి ఏం పోయిందో ఎముకను చూసి చెప్పుడు వేరు. ఫ్లోరిన్ విషయంలో ఆ రెండోదానికి ఇంచుమించు నలభై ఏళ్లు పట్టింది.

1932లో కోపెన్‌హాగన్‌లో క్రయోలైట్ రాయిని పొడిచేసే ఫ్యాక్టరీ కూలీల ఎక్స్‌రేల్లో ఎముకలు మామూలు కంటే బాగా తెల్లగా, సుద్దముక్కలెక్క కనిపించినయి. ఆ రాయిలో ఫ్లోరిన్ ఉంటది. కూలీలు పీల్చిన దుమ్ము పోయి పోయి ఎముకలో కూర్చున్నది.

ఐదేళ్లకే కథ మన దిక్కు వచ్చింది. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, మన్నాడి నాయర్ అనే నలుగురు మద్రాసు రాష్ట్రంలో ఫ్లోరోసిస్ ఉందని ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాసిండ్రు. ఆ ఏరియా అప్పటి నెల్లూరు జిల్లా, ఇప్పటి ప్రకాశం వైపు. వీళ్లలో బార్నార్డ్ ఎక్స్‌రే డాక్టర్, మద్రాసులో ఆయన పేరు మీదనే రేడియాలజీ సంస్థ ఉన్నది. ఇక్కడ ఫ్యాక్టరీ లేదు, దుమ్ము లేదు. తాగే నీళ్లే.

ఇప్పుడు ముంజేయి సంగతి. మోచేతి నుంచి మణికట్టు దాకా రెండు ఎముకలుంటయి, వాటి మధ్య పల్చటి పొర ఉంటది. మామూలుగా ఆ పొర ఎక్స్‌రేలో కనపడదు. ఫ్లోరోసిస్ ముదిరినోళ్లకు దాంట్లో కాల్షియం పేరుకుని, రెండు గట్ల మధ్య ముళ్లకంప వేసినట్టు గరుకుగా కనపడుతది. కీళ్లవాతంలో ఇది రాదు. అందుకే డాక్టర్లు ముంజేతి ఎక్స్‌రేకు అంత విలువ ఇస్తరు.

వెన్నులో ఇంకా కష్టం. వెన్నుపూసల్ని పట్టి ఉంచే నరాల్లాంటి పట్టీలు గట్టిపడి, వెన్నుపాము పోయే దారి ఇరుకైతది. తిమ్మిర్లు, కాళ్లల్ల బలం తగ్గుడు, చివరికి నడక పోవుడు. ఎక్స్‌రేలో వెన్నుపాము కనపడదు. 1971లో లండన్‌లో మొదటి రోగికి సీటీ తీసినంక, తర్వాత ఎమ్మారై వచ్చినంక, ఎక్కడ ఎంత ఒత్తుకున్నదో తెలిసింది. నల్గొండ రోగుల నరాల బాధల మీద హైదరాబాద్ న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి ఏండ్లకేండ్లు పనిచేసిండ్రు.

ఇంకో చిక్కు కూడా ఉన్నది. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు ఫ్లోరైడ్ ఊళ్లల్ల మోకాళ్లు లోపలికి ఒరిగిన పిల్లల గురించి లాన్సెట్‌లో రాసిండ్రు. ఆ పిల్లల కాళ్ల ఎముకలు తెల్లబడలేదు, ఉల్టా పల్చబడినయి. కాబట్టి "ఎముక తెల్లగా లేదు, ఫ్లోరోసిస్ కాదు" అని ఎవరన్నా ఒక్క ఫిల్మ్ చూసి తేల్చేస్తే నేనైతే నమ్మను.

2018లో తండాలు పంచాయతీలు అయ్యేదాకా మన లెక్క పెద్ద ఊరి లెక్కలోనే కలిసేది. ఊరి బావి వేరు, తండా బోరు వేరు, నీళ్లూ వేరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మన బోరులో ఎంతుందో అడిగి రాయించుకోవాల్సింది మనమే. భగీరథ నల్లా వచ్చింది నిజమే, కానీ చేన్లకు పోతే మళ్లీ బోరు నీళ్లే తాగుతం.

మిషన్ లేకుండా చూసే పద్ధతులు కూడా ఉన్నయి: గడ్డం ఛాతీకి ఆనించుడు, చేతులు తల వెనక్కి పెట్టుడు, మోకాళ్లు వంచకుండా కింద పడ్డ రూపాయి బిళ్ల తీసుడు. రాకుంటే ఫ్లోరోసిసే అని కాదు, వేరే రోగాలకూ అట్లయితది. కానీ దవాఖానకు పోయి "ముంజేతి ఎక్స్‌రే, వెన్ను ఎక్స్‌రే రాయండి సార్" అని అడగడానికి అది చాలు.

మా తాతకు అట్ల అడిగేటోళ్లు లేకుండిరి. పదేళ్లు నొప్పి సూదులు, మోకాలి ఎక్స్‌రేలు. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు ఒక కుర్ర డాక్టర్ చెయ్యి తిప్పి చూసి ముంజేయి తీయించిండు. అప్పటికే తాత గోడ పట్టుకొని నడుస్తున్నడు. ఎముకలో చేరింది వెనక్కి రాదని ముఖం మీదనే చెప్పిండు ఆ డాక్టర్. ఆ రోజు నుంచి మా యాడి చెల్లెకు బోరు నీళ్లు పోస్తలేదు, చేనుకు కూడా నల్లా నీళ్ల డబ్బానే మోస్తది.

ఇంటికొచ్చినంక ఆ ఫిల్మ్‌ను వెలుతురుకు పట్టి, రెండు ఎముకల నడుమ ఆ ముళ్ల గీత తాతకు చూపించిన. శానసేపు చూసిండు. "ఇది బోరు ఏసిన సంది ఉన్నట్టున్నది" అన్నడు.