అమెరికా ప్రెస్బిటేరియన్ సంఘంలో ఉదారవాద వివాదం (1910–1936)

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• ఉదారవాద దైవశాస్త్రం ఏ పరిస్థితుల్లో తలెత్తిందో చెప్పగలుగుతారు.
• సంప్రదాయవాదుల ప్రధాన అభ్యంతరాన్ని వివరించగలుగుతారు.
• ఈ వివాదంలో మితవాదుల పాత్రను అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

మత వివాదం అనగానే పాతను పట్టుకుని ఉండేవారు ఒకవైపు, కొత్తను కోరేవారు మరొకవైపు అని అనుకోవడం పరిపాటి. పరీక్ష పత్రాల్లో కూడా చాలామంది ఇలాగే రాస్తారు. కాని ఈ వివాదంలో పక్షాలు రెండు కావు, మూడు. ఫలితాన్ని తేల్చింది ఆ మూడో పక్షమే. ఈ విషయాన్ని దృష్టిలో ఉంచుకుని పాఠం చదవండి.

2. నేపథ్యం

19వ శతాబ్దంలో జర్మన్ విశ్వవిద్యాలయాల పండితులు బైబిల్‌ను ఇతర ప్రాచీన గ్రంథాల మాదిరిగానే పరిశీలించారు. ఏ భాగం ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఏ మూలాల నుంచి కూర్చారు అని ప్రశ్నించారు. 1859లో వెలువడిన డార్విన్ గ్రంథం సృష్టి వృత్తాంతంపై మరికొన్ని ప్రశ్నలు లేవనెత్తింది. చదువుకున్న తరం మతానికి దూరమవుతుందని భయపడిన కొందరు బోధకులు, క్రైస్తవంలో నీతిబోధ, క్రీస్తు ఆదర్శం ముఖ్యమని, అద్భుతాలను అక్షరాలా నమ్మనక్కరలేదని చెప్పసాగారు. దీనినే ఉదారవాద దైవశాస్త్రం అంటారు. క్రైస్తవాన్ని కాపాడుతున్నామనే వారూ భావించారన్నది మీరు గమనించాలి.

దీనికి ప్రతిస్పందనగా 1910లో ప్రెస్బిటేరియన్ మహాసభ ఐదు అంశాలను అత్యవసర విశ్వాసాలుగా ప్రకటించింది. అవి: బైబిల్ దోషరహితమైనది, క్రీస్తు కన్యకు జన్మించాడు, ఆయన మరణం మానవుల పాపాలకు ప్రాయశ్చిత్తం, ఆయన శరీరంతో తిరిగి లేచాడు, ఆయన చేసిన అద్భుతాలు వాస్తవం. 1910–15 మధ్య చమురు వ్యాపారి లైమన్ స్టివర్ట్, ఆయన సోదరుడు మిల్టన్‌ల ఖర్చుతో ‘ద ఫండమెంటల్స్’ అనే 12 సంపుటాలు వెలువడ్డాయి. నేడు మనం నిందగా వాడే ‘ఫండమెంటలిస్టు’ అనే మాట 1920లో బాప్టిస్టు పత్రికా సంపాదకుడు కర్టిస్ లీ లాస్ తన పక్షానికి గౌరవంగా పెట్టిన పేరు.

3. మేచెన్ వాదన

1922లో హ్యారీ ఎమర్సన్ ఫాస్డిక్ న్యూయార్క్‌లోని ఒక ప్రెస్బిటేరియన్ చర్చిలో ఫండమెంటలిస్టుల అసహనాన్ని విమర్శిస్తూ చేసిన ప్రసంగం దుమారం రేపింది. సంప్రదాయవాదుల తరఫున బలమైన సమాధానం ప్రిన్స్‌టన్ వేదాంత కళాశాలలో కొత్త నిబంధన బోధించే జె. గ్రెషమ్ మేచెన్ నుంచి వచ్చింది. ఆయన స్వయంగా జర్మనీలో చదివి ఉదారవాద ఆచార్యుల ఆకర్షణను చవిచూసినవాడు. కాబట్టి ప్రత్యర్థుల వాదం ఆయనకు తెలియనిది కాదు.

1923లో ప్రచురించిన ‘క్రిస్టియానిటీ అండ్ లిబరలిజం’లో ఆయన చెప్పినదాని సారాంశం ఇది: క్రైస్తవం చరిత్రలో జరిగిన సంఘటనలపై నిలబడిన మతం. ఆ సంఘటనలను తీసివేసి నీతిని మాత్రమే మిగిల్చుకుంటే అది క్రైస్తవంలో మరో శాఖ కాదు, వేరే మతం. ఇక విశ్వాస ప్రమాణానికి కట్టుబడతానని మాట ఇచ్చి పదవి తీసుకున్న బోధకుడు దానిని నమ్మనప్పుడు, తప్పుకోవడమే నిజాయితీ.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. మేచెన్ మత నియమాలను ప్రభుత్వం ద్వారా రుద్దాలని కోరలేదు. మద్యనిషేధాన్ని సమర్థించలేదు, ప్రభుత్వ పాఠశాలల్లో బైబిల్ పఠనాన్ని కూడా వ్యతిరేకించాడు. రాజ్యంలో అందరికీ స్వేచ్ఛ ఉండాలి. స్వచ్ఛందంగా చేరిన సంఘానికి మాత్రం తన నియమాన్ని నిలుపుకునే హక్కు ఉండాలి అన్నది ఆయన సూత్రం.

4. మితవాదుల పాత్ర

1924లో 1,274 మంది ప్రెస్బిటేరియన్ బోధకులు ‘ఆబర్న్ ప్రకటన’పై సంతకాలు చేశారు. ఐదు అంశాలను బోధకులపై తప్పనిసరి చేసే అధికారం మహాసభకు లేదని, వాటిలో కొన్ని వ్యాఖ్యానాలు మాత్రమేనని వారు వాదించారు. మరుసటి ఏడాది మహాసభ అధ్యక్షుడైన చార్లెస్ ఎర్డ్‌మన్ విశ్వాసంలో సంప్రదాయవాది, మేచెన్ సహోద్యోగి. అయినా సంఘం చీలకూడదని ఆయన ఒక ప్రత్యేక సంఘాన్ని నియమించాడు. దాని నివేదికను 1927లో ఆమోదించడంతో ఐదు అంశాల ప్రకటనకు బలం పోయింది. మేచెన్ ఓడిపోయింది తనలాగే నమ్మి, తనకన్నా ఐక్యతకు ఎక్కువ విలువ ఇచ్చినవారి చేతిలో. 1929లో ప్రిన్స్‌టన్ పాలక మండళ్లను పునర్వ్యవస్థీకరించగా, ఆయన బయటికి వచ్చి ఫిలడెల్ఫియాలో వెస్ట్‌మినిస్టర్ వేదాంత కళాశాలను స్థాపించాడు.

5. మిషన్ల ప్రశ్న, చీలిక

1932లో హార్వర్డ్ తత్వవేత్త విలియం ఎర్నెస్ట్ హాకింగ్ అధ్యక్షతన వెలువడిన నివేదిక, మిషనరీలు ఇతర మతాలతో కలిసి సత్యాన్వేషణ చేయాలని, సేవను మతమార్పిడితో ముడిపెట్టరాదని సూచించింది. ఈ విచారణ భారతదేశాన్ని కూడా పరిశీలించింది. నెల్లూరు, ఒంగోలు మిషన్లను నడిపిన అమెరికన్ బాప్టిస్టులు దీనితో సంబంధమున్న ఏడు శాఖల్లో ఒకరు.

ప్రెస్బిటేరియన్ మిషన్ బోర్డు ఇటువంటి భావాలను గట్టిగా నిరోధించడం లేదని ఆరోపించి, మేచెన్ 1933లో స్వతంత్ర మిషన్ బోర్డు ఏర్పాటు చేశాడు. దాని నుంచి వైదొలగాలని 1934లో మహాసభ ఆదేశించింది. ఆయన నిరాకరించాడు. 1935లో విచారణ జరిపి బోధక పదవి నుంచి సస్పెండ్ చేశారు. 1936లో మహాసభ ఆ తీర్పును ఖాయం చేసింది. ఆ జూన్‌లోనే ఆయన అనుచరులతో కొత్త సంఘం స్థాపించి, 1937 జనవరి 1న మరణించాడు. ఆ చిన్న సంఘమే తరవాత ఆర్థడాక్స్ ప్రెస్బిటేరియన్ సంఘం అయింది.

6. సారాంశం

సిద్ధాంత విషయంలో భిన్నాభిప్రాయాలను సహించిన సంఘం, ఆజ్ఞోల్లంఘన విషయంలో సహించలేదు. సంప్రదాయవాదులు దీనిని ద్వంద్వనీతి అన్నారు. మితవాదులు సంస్థ మనుగడకు క్రమశిక్షణ అవసరమన్నారు. మేచెన్ వాదనకూ ఒక చిక్కు ఉంది: విశ్వాస ప్రమాణంలో ఏది అత్యవసరమో తేల్చేది ఎవరు? మహాసభ తేల్చవచ్చన్నవారు, అదే మహాసభ తమకు వ్యతిరేకంగా తేల్చినప్పుడు అంగీకరించలేకపోయారు. మత సంస్థలకే కాక, మాట ఇచ్చి చేరే ప్రతి సంస్థకూ ఈ ప్రశ్న వర్తిస్తుంది. సమాధానం రాసేటప్పుడు ఏదో ఒక పక్షానికి తీర్పు ఇవ్వడంతో ఆగకుండా, మూడు పక్షాలూ దేనిని కాపాడాలనుకున్నాయో చూపండి.

నమూనా ప్రశ్నలు

1. ఉదారవాదం ‘వేరే మతం’ అని మేచెన్ ఎందుకు వాదించాడు?
2. మితవాదుల వైఖరి వివాద ఫలితాన్ని ఎలా నిర్ణయించింది?
3. హాకింగ్ నివేదికపై సంప్రదాయవాదుల అభ్యంతరాన్ని చర్చించండి.