ఏథెన్స్‌లో రాయి, ఇనుము, సీసం

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కార్యవర్గం అడిగింది. బడినాటి అల్లరి గురించి మిగతా మిత్రులు ఎలాగూ రాస్తారు కాబట్టి నేను ఏథెన్స్ నగరాన్ని ఎంచుకున్నాను. మన సాంఘికశాస్త్రం పాఠంలో ఏథెన్స్ కథ పెరిక్లీజ్‌తో మొదలై, సోక్రటీసు విషం తాగడంతో అయిపోయేది. ఆ తర్వాత ఆ ఊరు ఏమైందో ఏ పరీక్షలోనూ అడగలేదు. ఉద్యోగరీత్యా కొన్నేళ్ల క్రితం అక్కడ నాలుగు రోజులు ఉండే అవకాశం వచ్చింది. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది పాఠంలో లేని ఆ తర్వాతి కథే.

ముందుగా అందరూ చూసేది అక్రోపొలిస్. ఊరి మధ్య నిటారుగా లేచిన సున్నపురాతి గుట్ట, దాని మీద పార్థినాన్. క్రీ.పూ. 447లో మొదలుపెట్టి 432 నాటికి శిల్పాలతో సహా పూర్తి చేశారు. అంటే పదిహేనేళ్లు. ఇవాళ మన ఫ్లైఓవర్లు కొన్నిటికి పట్టే కాలం చూస్తే ఇది తక్కువేనని ఒప్పుకోవాలి! ఇక్తినోస్, కల్లిక్రాతిస్ వాస్తుశిల్పులు. శిల్పాల పర్యవేక్షణ ఫిడియాస్‌ది. చలువరాయి పెంటెలీ కొండ నుంచి వచ్చింది. చుట్టూ 46 స్తంభాలు, ఒక్కొక్కటీ పది మీటర్ల పైన ఎత్తు. పీఠం చూడ్డానికి సమతలంగా కనిపిస్తుంది గానీ కాదు. పొడుగు వైపు నడుమ సుమారు 11 సెంటీమీటర్లు, పొట్టి వైపు 6 సెంటీమీటర్లు ఉబ్బెత్తుగా ఉంటుంది. స్తంభాలు కొద్దిగా లోపలికి వాలి ఉంటాయి. ఒక చివర నిలబడి మెట్టు వెంబడి చూస్తే ఆ వంపు కంటికి తెలుస్తుంది.

ఇంత కట్టడంలో సున్నం, గచ్చు ఎక్కడా లేవు. రాయికీ రాయికీ మధ్య గాడి చెక్కి, ఇనుప క్లాంపు పెట్టి, దాని చుట్టూ కరిగిన సీసం పోశారు. సీసం ఇనుముకు తడి తగలనివ్వదు. భూకంపం వచ్చినప్పుడు మెత్తగా సర్దుకుని రాయి మీద దెబ్బ పడకుండా చూస్తుంది. గ్రీసులో భూకంపాలు మామూలే. ఆ కీళ్లు రెండువేల ఏళ్లకు పైగా వాటిని తట్టుకున్నాయి.

గుడిని పడగొట్టింది భూకంపం కాదు, మనుషులు. పార్థినాన్ మొదట అథీనా దేవి ఆలయం, తర్వాత చర్చి, టర్కీ పాలనలో మసీదు. 1687లో వెనిస్ సైన్యం ఏథెన్స్‌ను ముట్టడించినప్పుడు టర్కీ సేనలు అందులో మందుగుండు దాచాయి. సెప్టెంబరు 26న ఒక గుండు సరిగ్గా దాని మీద పడింది. కప్పు ఎగిరిపోయింది, నడిమి స్తంభాలు కూలాయి. మిగిలిన శిల్పాల్లో చాలావాటిని 19వ శతాబ్దం మొదట్లో ఎల్గిన్ ప్రభువు ఊడదీయించి ఇంగ్లండుకు పంపాడు. 1816లో అవి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి.

1834లో స్వతంత్ర గ్రీసు రాజధానిని నాఫ్ప్లియో నుంచి ఇక్కడికి మార్చేనాటికి ఏథెన్స్ ఒక చిన్న పట్నం. పేరు చూసి రాజధాని చేశారంతే. కొత్త రాజు ఆటో బవేరియా నుంచి వచ్చిన కుర్రవాడు. అతనికి అక్రోపొలిస్ మీదే కోట కట్టాలని షింకెల్ అనే జర్మన్ వాస్తుశిల్పి నక్షా కూడా గీశాడు. అది కాగితం మీదే ఆగిపోయింది, బతికిపోయాం. కింద కట్టిన రాజభవనమే నేటి పార్లమెంటు.

మన పాత పెంకుల హాలు మరమ్మతు గురించి సంఘంలో చర్చ నడుస్తోంది కాబట్టి తర్వాతి ముక్క కాస్త వివరంగా రాస్తాను. 1894 భూకంపం తర్వాత బలానోస్ అనే ఇంజనీరుకు పార్థినాన్ మరమ్మతు అప్పగించారు. 1898 నుంచి 1933 దాకా ఆయన పడిన స్తంభాలను మళ్లీ నిలబెట్టాడు. శ్రద్ధ ఉన్న మనిషే. కానీ కొత్తగా పెట్టిన ఇనుముకు సీసం తొడుగు వెయ్యలేదు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. మన స్లాబుల పెచ్చులు ఊడిపడేది అందుకే. అక్కడ పెచ్చులు ఊడింది పెంటెలీ చలువరాయికి. పైగా చాలా రాళ్లు తమ అసలు చోట్లో లేవు.

1975లో కమిటీ వేసి, 1980లలో ఆ పని విప్పడం మొదలుపెట్టారు. మనోలిస్ కోరెస్ బృందం ఒక్కో రాయినీ కొలిచి, అది ఎక్కడిదో తేల్చింది. ఇనుము తీసేసి టైటానియం పెట్టారు. దానికి తుప్పు పట్టదు, ఎండకు వ్యాకోచం కూడా ఇంచుమించు రాయితో సమానం. నాకు నచ్చినది మరొకటి ఉంది. భారం మితిమీరితే ముందు క్లాంపు లొంగాలి, రాయి పగలకూడదు అన్న లెక్కతో దాన్ని డిజైన్ చేశారు. రేపు ఇంతకన్నా మంచి పద్ధతి దొరికితే విప్పి మార్చుకునే వీలు కూడా ఉంచారు. నేను వెళ్లినప్పుడు క్రేను, పరంజా అలాగే ఉన్నాయి. ఫొటోలు పాడయ్యాయని పక్కనున్న యాత్రికులు విసుక్కున్నారు. నేను మాత్రం ఎక్కువసేపు చూసింది ఆ పరంజానే.

మిగతా ఊరి సంగతి క్లుప్తంగా. ఒలింపియన్ జ్యూస్ ఆలయం క్రీ.పూ. 6వ శతాబ్దంలో మొదలై, రోమన్ చక్రవర్తి హేడ్రియన్ చేతిలో క్రీ.శ. 2వ శతాబ్దంలో పూర్తయింది. 104 స్తంభాల్లో 15 నిలిచున్నాయి. 1852 గాలివానకు పడిన మరొకటి ఏడుపెంకులాటలో పెంకుల వరస ఒరిగినట్టు అలాగే పడి ఉంది. 1896లో తొలి ఆధునిక ఒలింపిక్స్ జరిగిన స్టేడియం మొత్తం చలువరాయే. అదే హేడ్రియన్ తవ్వించిన నీటి సొరంగాన్ని 19వ శతాబ్దంలో బాగుచేసి మళ్లీ వాడుకున్నారు. నగరం దాహం దానితో తీరక 1929 నాటికి మారథాన్ డ్యామ్ కట్టారు. డ్యామ్ ముఖానికీ పెంటెలీ రాయే తొడిగారు! సింటాగ్మా మెట్రో స్టేషన్‌లో తవ్వకంలో బయటపడ్డ పొరలను గాజు వెనక అలాగే చూపిస్తారు. రైలుకు వెళ్లేవాళ్లు వాటి వైపు చూడను కూడా చూడరు.

గుట్ట కింద 2009లో కొత్త మ్యూజియం తెరిచారు. కింద బయటపడ్డ పాత ఇళ్ల గోడలు చెడకుండా స్తంభాల మీద ఎత్తి కట్టి, పైన గాజు నేల వేశారు. ఎరెక్తియన్ ఆలయం కప్పును తలలపై మోసిన ఆరుగురు రాతి స్త్రీలలో ఐదుగురు అందులో ఉన్నారు. ఆరో ఆమె లండన్‌లో ఉంది. ఆమె నిలబడాల్సిన చోటు ఖాళీగా వదిలారు. పై అంతస్తులో పార్థినాన్ శిల్పాల వరస ఉంటుంది. ఏథెన్స్‌లో మిగిలినవి తేనె రంగులో, లండన్‌లో ఉన్నవాటి నమూనాలు తెల్లటి ప్లాస్టర్‌లో, పక్కపక్కనే. అద్దాల గోడలోంచి ఎదురుగా అసలు గుడి కనిపిస్తూ ఉంటుంది.